విజిల్ మెడలో పడితే కోచ్ అయిపోతారా?

నంబర్ టూ నుంచి నంబర్ వన్‌కు ఒక్క అడుగే.. అది ఎప్పుడు వెయ్యాలన్నదే అసలు లెక్క

కేజీఎఫ్: తెల్లారకముందే మారికుప్పం నుంచి బెంగళూరు రైలు కదులుతుంది. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వేలమంది పనులకు బయల్దేరతారు. మళ్లీ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. మరి ఊళ్లో పిల్లోళ్లకు బంతి ఆట నేర్పేదెవరు? బడిలో పి.టి. మాస్టారు.. ఆదివారం సెలవున్న ఒక అన్న.. మోకాలు నొప్పి పెడుతున్నా మైదానం వదలని ఓ పెద్దాయన. చిన్న ఊళ్లలో ఫుట్‌బాల్ ఇలాంటి వాళ్ల మీదే నిలబడుతుంది.

ఇలాంటి ప్రతి జట్టులోనూ ఒక రెండో మనిషి ఉంటాడు. బంతులకు గాలి కొట్టేది, మైదానంలో కోన్లు పెట్టేది, ఆలస్యంగా వచ్చినోళ్లను రెండు రౌండ్లు పరుగెత్తించేది అతడే. పెద్ద కోచ్ ఉన్నన్నాళ్లూ అతని పేరు ఎవరికీ పట్టదు. ఒకరోజు పెద్దాయన ఒంట్లో బాగోలేకో, బదిలీ అయ్యో తప్పుకుంటాడు. 'రేపట్నుంచి నువ్వే చూసుకోప్పా' అని విజిల్ చేతిలో పెడతారు.

అంతే. నిన్నటిదాకా సలహా చెప్పినవాడు నేడు నిర్ణయం తీసుకోవాలి. ఆడింది, చూసింది, చేసింది అన్నీ ఉన్నాయి. అయినా ఆ రాత్రి నిద్ర పట్టదు. 'నేను దీనికి సిద్ధమేనా?' అన్న ప్రశ్న ఒకటే తొలుస్తుంది. అది ఎలా తెలుస్తుంది?

గని నేర్పిన పాఠం

ఈ ప్రశ్నకు సగం జవాబు ఈ నేలలోనే ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడే వరకు ఇక్కడ గనులు నడిచాయి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అంత లోతులో పనిచేసే మనుషుల ప్రాణాలు ఎవరి చేతిలో పెట్టాలన్నది ఆషామాషీగా తేల్చే విషయం కాదు.

అందుకే గనుల్లో ఒక నిచ్చెన ఉంది. మేట్, ఫోర్‌మన్, రెండో తరగతి మేనేజర్, ఒకటో తరగతి మేనేజర్.. ఒక్కో మెట్టుకు ఒక్కో సర్టిఫికెట్. 1961 నాటి లోహ గనుల నిబంధనలు ఇదే చెబుతాయి. పరీక్ష రాసినంత మాత్రాన సరిపోదు, గని పనిలో ఇన్నేళ్ల అనుభవం ఉండి తీరాలి. అనుభవం ఒక్కటే ఉన్నా చాలదు, పరీక్ష గట్టెక్కాలి. రెండూ ఉన్నవాడికే పగ్గాలు. ఏదైనా జరిగితే చట్టం ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది కూడా మేనేజరే.

ఫుట్‌బాల్ హెడ్ కోచ్ పదవీ ఇంచుమించు ఇంతే. కాగితం ఉండాలి, కాలం గడిచి ఉండాలి. ఈ రెండింటికీ మించి 'తప్పు నాది' అనగలిగే గుండె ఉండాలి. మొదటి రెండూ ఎవరైనా చూసి చెప్పగలరు. మూడోది మాత్రం ఎవరికి వారే తేల్చుకోవాలి.

బడిపంతులు.. బంగారు పతకం

తెలుగునేల నుంచి వచ్చిన కోచ్‌లలో శిఖరం లాంటివాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. బి.ఏ. చదివారు. వృత్తిరీత్యా బడిపంతులు. అందరూ ఆయన్ను 'రహీం సాబ్' అనేవారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ ఎత్తుకుపోయిందంటే దాని వెనక ఈ పంతులుగారి బుర్ర ఉంది.

రహీం జాతీయ జట్టుకు నేరుగా ఎగబాకిన మనిషి కాదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం పనులు చూస్తూ స్థానిక పోటీల్లోనే ప్రయోగాలు చేశారు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదంటూ ఒక పోటీ. బలహీనమైన కాలితోనే ఆడాలంటూ మరో పోటీ. బంతిని తన దగ్గరే అట్టేపెట్టుకునే కుర్రాడు పాస్ ఇవ్వడం నేర్చుకున్నాడు. కుడికాలి కుర్రాడికి ఎడమకాలూ పలికింది. ఖర్చు లేదు, హంగు లేదు. నేర్పాలన్న తపన ఉంటే చాలు. కోలారు, మాలూరు, ముళబాగిలు, శ్రీనివాసపురం బళ్లలో ఏ పి.టి. మాస్టారైనా రేపు సాయంత్రమే మొదలుపెట్టగల పాఠాలివి.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. కోచ్ రహీమే. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తు! మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే చలిలో ఆడారు. పది గోల్స్ తిన్న జట్టుకు కోచ్‌గా ఊరికి తిరిగి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. రహీం ఆటను వదిలిపెట్టలేదు. బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఆట తీరు మారింది. నాలుగేళ్ల తర్వాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీస్‌కు చేరింది. నాలుగో స్థానంలో నిలిచింది. పది గోల్స్ తిన్న మర్నాడు కోచ్ ఏం చేస్తాడన్నదే అతని అర్హత పత్రం.

జకార్తాలో ఆ సాయంత్రం

కోచ్ అంటే నిర్ణయం అని చెప్పడానికి 1962 జకార్తా ఆసియా క్రీడలను మించిన ఉదాహరణ దొరకదు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండ్‌తో ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది, కుట్లు పడ్డాయి. పైగా ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని వ్యవహారంపై భారత ప్రతినిధి నోరు విప్పడంతో స్టేడియం మొత్తం మనవాళ్ల మీద గుర్రుగా ఉంది.

రహీం అప్పుడు ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కుట్లున్న డిఫెండర్‌ను వెనక ఉంచకుండా ముందుకు పంపి, ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపు. సెప్టెంబరు 4న ఫైనల్. తొలి మ్యాచ్‌లో ఓడించిన దక్షిణ కొరియాయే మళ్లీ ఎదురు. ఫ్లూతో తంటాలు పడ్డ పీటర్ తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు. పి.కె.బెనర్జీ ఒక గోల్, ఫార్వర్డ్‌గా మారిన జర్నైల్ ఒక గోల్. 2-1తో స్వర్ణం!

ఆ నిర్ణయాలు బెడిసికొట్టి ఉంటే? తిట్లన్నీ రహీం నెత్తినే పడేవి. ఆ సంగతి తెలిసే ఆయన నిర్ణయం తీసుకున్నారు. ఆ గెలుపు తర్వాత ఏడాదైనా తిరక్కుండా, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక కొత్త తరానికీ ఆ పేరు తెలిసింది.

ఇక్కడొక మాట. 1962లో జరిగినట్టు తలకు దెబ్బ తగిలిన కుర్రాణ్ని నేడు ఆడించకూడదు. అనుమానం వచ్చినా సరే బయటికి తెచ్చి డాక్టరుకు చూపించాలన్నదే నేటి వైద్యం చెప్పేది. ఫైనల్ పోయినా ఫరవాలేదని పిల్లాణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టగలగడం కూడా ఇప్పుడు కోచ్ ధైర్యంలో భాగమే.

కంఠీరవలో రెండు కథలు

కేజీఎఫ్ నుంచి దాదాపు వంద కిలోమీటర్ల దూరం.. బెంగళూరు కంఠీరవ స్టేడియం. బెంగళూరు ఎఫ్‌సీ సొంతగడ్డ. రెండో మనిషి మొదటి మనిషి కావడమంటే ఏమిటో ఆ ఒక్క క్లబ్బులోనే రెండు రకాలుగా కనబడింది.

మొదటి కథ కార్లెస్ క్వాడ్రాట్‌ది. స్పెయిన్‌కు చెందిన ఈయన ఏళ్ల తరబడి వేరేవాళ్ల పక్కనే నిలబడ్డారు. టర్కీలో, సౌదీలో, ఎల్ సాల్వడార్‌లో సహాయకుడే. బెంగళూరులోనూ 2016 నుంచి అల్బర్ట్ రోకాకు అసిస్టెంట్. 2018లో రోకా వెళ్లిపోగా పగ్గాలు ఈయనకు అందాయి. తొలి సీజన్‌లోనే.. 2019 మార్చి 17న ముంబైలో గోవాపై 1-0 గెలుపుతో ఐఎస్ఎల్ కప్పు! ఆటగాళ్లు తెలుసు, ఊరు తెలుసు, జట్టు బలహీనతలు తెలుసు. రెండేళ్లు పక్కన నిలబడి చూసింది వృథా పోలేదు.

రెండో కథ నౌషాద్ మూసాది. 2021 జనవరిలో క్వాడ్రాట్‌తో క్లబ్బు తెగదెంపులు చేసుకుంది. సీజన్ మధ్యలో, కష్టాల్లో ఉన్న జట్టును అసిస్టెంట్‌గా ఉన్న మూసా చేతిలో పెట్టారు. తాత్కాలిక హోదా. తర్వాత మార్కో పెజ్జాయువోలిని కోచ్‌గా తెచ్చారు. మూసా మళ్లీ అసిస్టెంట్ కుర్చీలోకి వచ్చారు. చాలామందికి మింగుడుపడని విషయమది. నిన్న నిర్ణయం తీసుకున్నవాడు నేడు సలహాదారు! ఆయన అదే పని చేస్తూ పోయారు. 2025లో భారత అండర్-23 జట్టు పగ్గాలు దక్కాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఆసియా కప్ అర్హత పోటీల్లో ఆ జట్టు బహ్రెయిన్‌ను 2-0తో ఓడించింది. అర్హత త్రుటిలో చేజారినా గౌరవంగా ఆడింది.

రెండు కథలూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. కుర్చీ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. వచ్చిన రోజుకు సిద్ధంగా ఉండడం, చేజారిన రోజున పాడవకుండా ఉండడం మన చేతిలో పనే.

చిన్న జట్లే పెద్ద బడి

భారత సీనియర్ జట్టు కోచ్‌గా 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ పేరు ప్రకటించినప్పుడు అందరూ ఒకే మాట గుర్తు చేసుకున్నారు. 2012లో సావియో మెదీరా దిగిపోయాక మళ్లీ ఓ భారతీయుడు ఆ కుర్చీలో కూర్చోవడం అదే. మరి ఖాలిద్ ఎక్కడ నేర్చుకున్నారు? ఆట గాయాలతో ఆగిపోయాక 2009లో ముంబై ఎఫ్‌సీ అనే చిన్న క్లబ్బు బాధ్యత తీసుకున్నారు. డబ్బు తక్కువ, పేరు తక్కువ. ఏటా కింది లీగుకు జారకుండా కాపాడుకోవడమే గగనం. అలా ఏడేళ్లు. ఆ తర్వాత మిజోరం నుంచి వచ్చిన ఐజ్వాల్ జట్టుతో 2016-17 ఐ-లీగ్ గెలిచి దేశాన్ని విస్తుపరిచారు.

జాతీయ జట్టులోనూ పూలబాట ఏం కాదు. వచ్చిన నెలకే కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌పై షూటౌట్‌లో నెగ్గి మూడో స్థానం. అక్టోబరులో సొంతగడ్డపై సింగపూర్ చేతిలో 1-2 ఓటమి, 2027 ఆసియా కప్ ఆశలు గల్లంతు. పొగిడిన నోళ్లే తిట్టాయి. ఆ కుర్చీ తీరే అంత.

బయటి దేశాల్లోనూ ఇదే బాట. అలెక్స్ ఫెర్గూసన్ 32 ఏళ్ల వయసులో మొదలుపెట్టింది ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్ అనే బుల్లి స్కాట్లాండ్ క్లబ్బుతో. మాంచెస్టర్ యునైటెడ్ చేరేసరికి మరో పన్నెండేళ్లు పట్టింది. జోసె మొరినో ఒకప్పుడు ఇంగ్లిష్ కోచ్ బాబీ రాబ్సన్‌కు దుబాసీ. ఆయన మాట ఆటగాళ్లకు చెబుతూ చెబుతూనే ఆ మాట వెనక లెక్క పట్టేశారు. 2000లో బెన్ఫికాలో హెడ్ కోచ్ అయ్యి కొద్ది వారాలకే బయటికొచ్చారు. నాలుగేళ్లు తిరిగేసరికి పోర్టోతో చాంపియన్స్ లీగ్ గెలిచారు.

దుబాసీ మాట కేజీఎఫ్ వాళ్లకు కొత్త కాదు. ఇక్కడ ఒకే జట్టులో ఒకడికి తమిళం, ఒకడికి తెలుగు, ఒకడికి కన్నడం, ఇంకొకడికి ఉర్దూ ఇంటి భాష. 'వెనక్కి రా' అన్న మాట నాలుగు రకాలుగా అరవాల్సిందే. పెద్ద కోచ్ కోపంగా అన్నదాన్ని కుర్రాడి మనసుకు తగలకుండా వాళ్ల భాషలో చెప్పిన అసిస్టెంట్ తనకు తెలియకుండానే సగం కోచ్ అయినట్టు.

కాగితం తప్పదు

పాతరోజుల్లో కోచ్ కావాలంటే పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాయే దారి. ఆ డిప్లొమాకు నేటికీ విలువుంది. అయితే ఫుట్‌బాల్‌లో ఇప్పుడు అఖిల భారత సమాఖ్య, ఆసియా సమాఖ్యల లైసెన్సుల నిచ్చెన వచ్చింది. డి, సి, బి, ఎ, ఆపైన ప్రో. చిన్నపిల్లలకు నేర్పేవాళ్లకు కింది మెట్లు, పెద్ద లీగుల్లో హెడ్ కోచ్‌కు పై మెట్లు. ఒకటి ఎక్కి, కొంతకాలం పని చేసి చూపించాకే తర్వాతిది. గనిలో నిచ్చెన గుర్తొస్తుంది కదూ!

'ఇరవై ఏళ్లు ఆడాను, నాకు కాగితం ఎందుకు?' అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆడడం వేరు, నేర్పడం వేరు. పదేళ్ల పిల్లాడికి ఎంత పరుగు పెట్టించాలి, ఎండలో నీళ్లు ఎప్పుడు తాగించాలి, అమ్మాయిల జట్టుతో ఎలా మెలగాలి, పిల్లల భద్రత ఎలా చూడాలి.. ఇవి ఆడినంత మాత్రాన రావు. అలాగని లైసెన్సు ఉన్న ప్రతివాడూ కోచ్ అయిపోడు. డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లంతా ఘాట్ రోడ్డు మీద బస్సు నడపగలరా?

పదకొండు పేర్లు రాసే రాత్రి

అసిస్టెంట్‌కూ హెడ్ కోచ్‌కూ తేడా ఎక్కడుందంటే.. ఆ పదకొండు పేర్లలో ఉంది. పద్దెనిమిది మంది పిల్లలు ఉంటే ఏడుగురు బయట కూర్చోవాలి. అందులో రోజూ అందరికంటే ముందొచ్చేవాడు ఉంటాడు. తండ్రి నైట్ షిఫ్టు చేసి, నిద్ర మానుకుని కొడుకు ఆట చూడ్డానికి వచ్చి ఉంటాడు. 'సార్, నన్నెందుకు దించలేదు?' అని ఆ కుర్రాడు అడిగితే?

అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు ఒక సుఖం ఉంది. 'నేను చెప్పాను, సార్ వినలేదు' అని భుజం తట్టి పంపొచ్చు. హెడ్ కోచ్‌కు ఆ తలుపు మూసుకుపోతుంది. కుర్రాడి కళ్లలోకి చూసి నిజం చెప్పాలి. 'ఈ పని నీకింకా రాలేదు, ఈ నెల ఇది సాధన చెయ్, మళ్లీ చూస్తాను' అనాలి. చెప్పినట్టే మళ్లీ చూడాలి కూడా. ఈ మాట చెప్పడానికి నోరు రానంత కాలం, ఆటలో ఎంత పండితుడైనా సరే, ఇంకా సమయం రాలేదనే లెక్క.

దీనికి సాధన ఉంది. ఖర్చు ఒక నోటుపుస్తకం. ప్రతి మ్యాచ్‌కు ముందు రోజు అసిస్టెంట్ తన పదకొండు పేర్లు తానే రాసుకోవాలి. ఎవర్ని ఎప్పుడు మార్చేవాడో రాసుకోవాలి. మ్యాచ్ అయ్యాక పోల్చి చూడాలి. పెద్దాయన తప్పిన చోటే కాదు, తాను తప్పిన చోటూ ఎర్ర సిరాతో గీత పెట్టాలి. ఒక సీజన్ తిరిగేసరికి ఆ పుస్తకమే జవాబు చెబుతుంది. అన్ని పేజీల్లోనూ పెద్దాయన తప్పులే కనిపిస్తుంటే ఇంకా సిద్ధం కానట్టే. తన తప్పులు కనిపించడం మొదలైతే.. దగ్గరికొచ్చినట్టే.

తొందరా తప్పే.. తాత్సారమూ తప్పే

తొందరపడితే నష్టం కోచ్ ఒక్కడిదే కాదు. అరిచి, తిట్టి, గెలవాలన్న కసితో పన్నెండేళ్ల పిల్లలను నలిపేస్తే వాళ్లు పద్నాలుగేళ్లకే బంతి వదిలేస్తారు. పని కోసం రైలెక్కే ఊళ్లో పిల్లలను సాయంత్రాలు మైదానం వైపు లాగేవి కొన్నే ఉంటాయి. అందులో ఒకటి చేజారితే మళ్లీ దొరకదు.

తాత్సారమూ అంతే చేటు. 'ఇంకో లైసెన్సు రానీ', 'ఇంకో ఏడాది చూద్దాం' అంటూ వాయిదా వేసే మంచి మనుషులు ఉన్నారు. వాళ్లు వెనక నిలబడ్డ చోట ఏమీ తెలియనివాడు ముందుకొచ్చి విజిల్ అందుకుంటాడు. నూటికి నూరు శాతం సిద్ధమై కుర్చీ ఎక్కిన కోచ్ ఎక్కడా లేడు. రహీం సాబ్ కూడా హెల్సింకి దెబ్బ తిన్నాకే మెల్‌బోర్న్ చూశారు.

మధ్యేమార్గం ఒకటుంది. పెద్ద జట్టుకు ముందు చిన్న జట్టు పట్టుకోవడం. అండర్-13 పిల్లలో, ఒక బడి జట్టో. 1960 నుంచి జరుగుతున్న సుబ్రతో కప్ లాంటి పోటీలు బడి జట్ల కోసమే ఉన్నాయి. అక్కడ పేర్లు రాసేది, ఓడితే జవాబు చెప్పేది తానే. బండి నడపడం ఖాళీ మైదానంలో నేర్చుకున్నట్టు.

ఎవరికి వారే అడగాల్సినవి

* పెద్ద కోచ్ రాకపోయినా మూడు వారాల సాధనకు ప్రణాళిక రాసిపెట్టి ఉందా?

* జట్టులో అందరికంటే బాగా ఆడేవాడు క్రమశిక్షణ తప్పితే బెంచ్ మీద కూర్చోబెట్టగలరా?

* ఓడిన రోజు రెఫరీ పేరు ఎత్తకుండా పిల్లలతో ఐదు నిమిషాలు మాట్లాడగలరా?

* కుర్రాడి తండ్రి మీద అరిచినా గొంతు పెంచకుండా జవాబు చెప్పగలరా?

* మీకంటే బాగా తెలిసిన అసిస్టెంట్‌ను పక్కన పెట్టుకోగలరా?

* రేపు పదవి పోయినా ఎల్లుండి మైదానానికి రాగలరా?

ఆరింటిలో నాలుగింటికి 'ఔను' అనగలిగితే విజిల్ అందుకోవచ్చు. మిగతా రెండూ పిల్లలే నేర్పుతారు.

సాయంత్రం సైనైడ్ దిబ్బల వెనక పొద్దు వాలుతుంది. బెంగళూరు రైలు దిగినోళ్లు ఇళ్లకు నడుస్తారు. మైదానంలో కోన్లు ఏరుకుంటున్న ఆ రెండో మనిషి దగ్గరికి ఒక పిల్లాడు వచ్చి 'సార్, రేపు నేను ఆడతానా?' అని అడుగుతాడు. ఇన్నాళ్లూ 'పెద్ద సార్‌ను అడుగు' అన్నదే జవాబు. 'కూర్చో, చెబుతా' అని అతను అన్న రోజు.. ఆ ఊరికి కొత్త కోచ్ వచ్చినట్టే.